ఒరాంగుటాన్ల అడవిని కాపాడటం ఎలా: కొనేటప్పుడు, విరాళమిచ్చేటప్పుడు, చూడబోయేటప్పుడు గమనించవలసినవి

సాయంత్రం వెలుగు తగ్గే వేళకు ఆడ ఒరాంగుటాన్ ఒక బలమైన చెట్టు పంగలోకి చేరి, చుట్టూ ఉన్న కొమ్మలను ఒక్కొక్కటిగా తన వైపు వంచి, సగం విరిచి, ఒకదాని కింద ఒకటి దోపుతుంది. పైన ఆకులతో ఉన్న సన్నని రెమ్మలు పరిచి, వాన పడేటట్టు ఉంటే తల మీదకు మరికొన్ని కొమ్మలు లాక్కొని, పది నిమిషాలు కూడా పట్టకుండానే పడక సిద్ధం చేసుకుంటుంది. పక్కనున్న పిల్ల ఆ పని చూస్తూ తానూ చిన్న రెమ్మలు విరిచి ఏదో అల్లబోతుంది గానీ, బరువు ఆపే గూడు కట్టడం దానికి పట్టుబడాలంటే కొన్నేళ్లు తల్లి వెంట తిరగవలసిందే. మరునాటి రాత్రికి మళ్లీ కొత్త గూడు. బోర్నియో, సుమత్రా దీవుల్లో ఒరాంగుటాన్లను కాపాడటానికి ఎవరు ఏ పని తలపెట్టినా, దాన్ని తూచడానికి ఈ దృశ్యమే తూకపురాయి: ఆ పని వల్ల ఆ చెట్టు నిలుస్తుందా, ఆ తల్లి బతుకుతుందా? ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఈ రెండు ప్రశ్నల నుంచి పుట్టినవే. పైకి ఎంతో మంచివిగా కనిపించే కొన్ని పనులను వెనక వరుసలో నిలబెట్టినదీ ఈ ప్రశ్నలే.

ముందు లెక్క తెలియాలి

మలయ్ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. ఈ అడవి మనుషుల్లో మూడు జాతులున్నాయి. బోర్నియో జాతి సంఖ్య 2016 నాటి అంచనా ప్రకారం 1,04,700 వరకు ఉంది. సుమత్రా దీవి ఉత్తర కొసన, ముఖ్యంగా ఆచే ప్రాంతపు లూసర్ అడవుల్లో ఉండే సుమత్రా జాతి 14,000కు మించదు. 2017లో వేరే జాతిగా గుర్తింపు పొందిన తపనూలి ఒరాంగుటాన్లు ఉత్తర సుమత్రాలోని బతాంగ్ తోరు అడవిలో మాత్రమే ఉన్నాయి. అవి 800 కంటే తక్కువ. మూడింటినీ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అంతరించిపోవడానికి అతి దగ్గరగా ఉన్న జాతుల పట్టికలోనే చేర్చింది.

బోర్నియో అంకెను చూసి లక్ష ఉన్నాయి కదా అని ధీమా పడేవారు ఒక విషయం గమనించాలి. 1999 నుంచి 2015 వరకు గడిచిన పదహారేళ్లలో ఆ దీవిలో లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. పోయినవాటి స్థానంలో కొత్తవి రావడం ఎంత నిదానమో తెలిస్తే ఈ నష్టం లోతు అర్థమవుతుంది. ఆడది దాదాపు పదిహేనేళ్ల వయసులో మొదటి పిల్లను కంటుంది, ఆ పిల్లను ఏడెనిమిదేళ్లు తన వెంటే తిప్పుకుంటుంది, అప్పటిదాకా సాధారణంగా మరో పిల్లను కనదు. భూమి మీది క్షీరదాల్లో కాన్పుల మధ్య ఇంత ఎడం ఉన్నవి దాదాపు లేవు. అందుకే ఒక అడవిలోని ఆడ ఒరాంగుటాన్లలో ఏడాదికి నూటికి ఒక్కటి అదనంగా చనిపోతూ వచ్చినా అక్కడి సంతతి నిలదొక్కుకోలేదని ఈ రంగంలోని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అదే అధ్యయనంలో మరో సంగతి కూడా ఉంది. అడవిని పూర్తిగా నరికేసిన చోట్ల ఒరాంగుటాన్లు వేగంగా మాయమయ్యాయి, అది ఊహించదగినదే. కానీ సంఖ్యాపరంగా ఎక్కువ నష్టం జరిగింది చెట్లు ఇంకా నిలిచి ఉన్న అడవుల్లోనే. వేటాడి చంపడం, తోటల్లోకి వచ్చినప్పుడు కొట్టి చంపడం, పిల్లను పెంపుడు జంతువుగా అమ్ముకోవడానికి తల్లిని చంపడం అక్కడి కారణాలు. నరికివేత, చంపడం వేర్వేరు సమస్యలు కావు. అడవిలోకి కొత్త బాట పడగానే దాని వెంట దుంగల లారీ వస్తుంది, లారీ వెనకే తుపాకీ వస్తుంది. తిండిచెట్లు పోయిన ఒరాంగుటాన్ పక్కనే వేసిన ఆయిల్‌పామ్ తోటలోకి దిగి లేత మొవ్వు పీక్కు తింటుంది, తోట యజమానికి శత్రువవుతుంది. కనుక అడవిని నిలబెట్టే పనికీ, చంపడాన్ని ఆపే పనికీ సాయం ఒకేసారి అందాలి.

కొనేవారు చేయగలిగింది

అడవి నష్టానికి ఒకే దోషి లేడు. కాగితపు గుజ్జు కోసం వేసే అకేషియా తోటలు, బొగ్గు, బంగారం గనులు, కలప, రహదారులు, కార్చిచ్చు అన్నిటికీ అందులో వాటా ఉంది. అయినా సామాన్య కొనుగోలుదారు చేతికి నేరుగా అందే కొస పామాయిల్‌దే. ప్రపంచంలో తయారయ్యే పామాయిల్‌లో 85 శాతం దాకా ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది, అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో భారత్ ముందు వరుసలో ఉంది.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా, పామాయిల్‌ను పూర్తిగా మానేయమని. ఆ సలహాతో నేను ఏకీభవించను. హెక్టారు ఆయిల్‌పామ్ తోట ఏడాదికి మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. సోయా అదే నేలలో అర టన్ను చుట్టుపక్కల ఇస్తుంది. అందరూ ఇటు నుంచి అటు మళ్లితే అంత నూనెకు ఇంకెన్నో రెట్లు నేల కావాలి, ఆ నేల మరో ఖండంలోని అడవిని నరికితే తప్ప రాదు. పైగా ఇండోనేషియాలోని ఆయిల్‌పామ్ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం చిన్న రైతుల చేతిలో ఉంది. పూర్తి బహిష్కారం దెబ్బ ముందుగా వారికి తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పామాయిల్ కొనడం మానేసిన వినియోగదారు మాటను ఆ కంపెనీ ఇక వినవలసిన అవసరం ఉండదు. కొంటూ షరతు పెట్టేవారి మాటకే బరువు ఉంటుంది.

షరతు పెట్టాలంటే ముందు పామాయిల్ ఎక్కడెక్కడ దాగి ఉందో కనిపెట్టాలి. ఒక సబ్బు పెట్టెను చేతిలోకి తీసుకొని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల వరుసను చదవండి. సోడియం పామేట్ అని మొదటే ఉంటే అది పామాయిల్‌తో చేసిన సబ్బు. సోడియం పామ్ కెర్నెలేట్ అని ఉంటే గింజ నుంచి తీసిన నూనె. షాంపూ సీసా మీద సోడియం లారిల్ సల్ఫేట్, ముఖానికి రాసుకునే క్రీము మీద గ్లిజరిల్ స్టియరేట్, సీటైల్ పామిటేట్ వంటి పేర్లు కనబడతాయి. వీటిలో కొన్నిటిని కొబ్బరినూనె నుంచో మరో నూనె నుంచో కూడా చేస్తారు కనుక పేరు చూసి తీర్పు చెప్పలేం, అడగవలసిన ప్రశ్న మాత్రం దొరుకుతుంది. తినుబండారాల పొట్లాల మీద పామోలిన్ అని సూటిగా రాస్తే మేలే. కొన్ని దేశాల్లో వంటనూనె, వెజిటబుల్ ఫ్యాట్ అనే ముసుగు పేర్లతో సరిపెడతారు. యూరోపియన్ యూనియన్ 2014 డిసెంబరు నుంచి ఏ నూనె వాడారో పేరు పెట్టి రాయాలని నిబంధన పెట్టిన తరువాతే అక్కడి కొనుగోలుదారులకు అది తెలిసింది.

తరువాత చూడవలసింది ఆర్‌ఎస్‌పీవో గుర్తు. తాటాకు ఆకారంలో ఉండే ఈ గుర్తు 2004లో ఏర్పడిన రౌండ్‌టేబుల్ ఆన్ సస్టైనబుల్ పామాయిల్ అనే సంస్థది. గుర్తు కనబడగానే తృప్తిపడి పొట్లాన్ని బుట్టలో వేసుకోకుండా, దాని కింద ఉన్న మాటను కూడా చదవాలి. సర్టిఫైడ్ అని ఉంటే, ఆ పొట్లంలోని నూనె ధ్రువీకరణ పొందిన తోటల నుంచే వచ్చి, ఇతర నూనెతో కలవకుండా చివరిదాకా విడిగా ప్రయాణించిందని అర్థం. మిక్స్‌డ్ అని ఉంటే, దారిలో ఎక్కడో ధ్రువీకరణ ఉన్న నూనె, లేని నూనె ఒకే ట్యాంకులో కలిశాయి; కంపెనీ కొన్న ధ్రువీకృత నూనె పరిమాణం మేరకు మాత్రమే ఆ గుర్తు వాడుకుంటోంది. క్రెడిట్స్ అని ఉంటే, పొట్లంలోని నూనెకూ మంచి తోటకూ భౌతికంగా సంబంధమే లేదు. ఎక్కడో ఒక ధ్రువీకృత ఉత్పత్తిదారుకు కొంత సొమ్ము చేరింది, అంతే. మూడోదాన్ని నేను మోసం అనను, ఎందుకంటే చిన్న రైతులకు ధ్రువీకరణ సొమ్ము అందడానికి అది ఒక్కోసారి ఏకైక దారి. కానీ అడవి నరికి వేసిన తోట నూనె ఈ పొట్లంలో లేదని హామీ ఇచ్చేది మొదటి మాట ఒక్కటే.

ఈ ధ్రువీకరణలో లోపాలూ ఉన్నాయి. కొత్త తోటల కోసం అడవి నరకడాన్ని గట్టిగా నిషేధించే నియమాలు 2018లో గానీ రాలేదు, తనిఖీ చేసేవారికి రుసుము చెల్లించేది తనిఖీ చేయించుకునే కంపెనీయే, ప్రపంచ పామాయిల్‌లో ధ్రువీకరణ ఉన్నది ఐదో వంతు మాత్రమే. అందుకే గుర్తుతో ఆగకుండా కంపెనీకి ఒక ఉత్తరం రాయడం మంచిది. ఉత్తరం అనగానే కోపావేశాలతో నింపనవసరం లేదు. జవాబు తప్పించుకోలేని ప్రశ్నలు నాలుగు ఉంటే చాలు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "మీ ఉత్పత్తులలో వాడే పామాయిల్, పామ్ గింజల నూనె ఏయే మిల్లుల నుంచి వస్తున్నాయో ఆ జాబితాను మీరు బహిరంగంగా ప్రకటించారా? అడవుల నరికివేత, పీట్ నేలల తవ్వకం, శ్రమ దోపిడీ ఉండరాదన్న మీ విధానం మీ సొంత తోటలకే పరిమితమా, మీకు నూనె అమ్మే ఇతర సరఫరాదారులకు కూడా వర్తిస్తుందా? ఒక సరఫరాదారు అడవి నరికినట్టు ఫిర్యాదు అందితే ఎన్ని రోజుల్లో విచారించి, కొనుగోలు ఎప్పుడు ఆపుతారు? గత ఏడాది అటువంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, వాటిపై ఏ చర్య తీసుకున్నారు?" (పీట్ నేల అంటే ఏమిటో విరాళాల భాగంలో చెబుతాను.) రెండో ప్రశ్నే అన్నిటికంటే పదునైనది. ప్రపంచంలోకెల్లా పెద్ద పామాయిల్ వ్యాపార సంస్థ విల్మర్ 2013 డిసెంబరులో ఇటువంటి విధానాన్ని బయటి సరఫరాదారులకు కూడా వర్తింపజేస్తామని ప్రకటించడానికి కారణం, దాని నూనె కొనే కంపెనీల మీద, వాటి ద్వారా దాని మీద వచ్చిన ఒత్తిడే. ఒక సంస్థలో, హోటల్లో, హాస్టల్లో టోకున నూనె, సబ్బులు కొనే బాధ్యత మీ చేతిలో ఉంటే, మీ ఒక్క సంతకం వంద మంది విడి కొనుగోలుదారుల ఉత్తరాలతో సమానం.

కాగితం, కలప విషయం క్లుప్తంగా చెబుతాను. సుమత్రాలోని రియావు, జాంబి ప్రాంతాల్లో సహజ అడవి పోయి గుజ్జు కోసం అకేషియా తోటలు వచ్చాయి. పునర్వినియోగ కాగితం కొనడం, అది దొరకనప్పుడు బాధ్యతగా నిర్వహించే అడవుల ఉత్పత్తులకు ఇచ్చే ఎఫ్‌ఎస్‌సీ గుర్తు చూడటం, మెరంటి వంటి ఉష్ణమండల కలపతో చేసిన సామాను కొనేముందు దాని పుట్టుక అడగటం చాలు.

విరాళమిచ్చేవారికి: నీళ్లు నిలిపే పని

ఒరాంగుటాన్ పేరు మీద విరాళం అడిగే ప్రకటనల్లో సాధారణంగా డైపరు కట్టుకున్న పిల్ల ఒరాంగుటాన్ బొమ్మ ఉంటుంది. ఆ పిల్లకు సాయం అక్కరలేదని కాదు. బోర్నియో దీవిలోని మలేషియా రాష్ట్రం సబాలో 1964లో మొదలైన సెపిలోక్, అదే దీవిలో ఇండోనేషియాకు చెందిన మధ్య కాలిమంతాన్‌లో 1999లో మొదలైన న్యారు మెంతెంగ్ వంటి పునరావాస కేంద్రాలు అనాథ పిల్లలకు చెట్టెక్కడం, పండు గుర్తించడం, గూడు కట్టడం నేర్పించి, ఏళ్ల తరబడి ఖర్చు భరించి అడవికి పంపుతున్నాయి. తల్లి ఏడెనిమిదేళ్లలో నేర్పే విద్యను జీతగాళ్లు నేర్పవలసి రావడం ఎంత భారమో ఊహించుకోవచ్చు. అయితే ఆ కేంద్రానికి చేరే పిల్లల్లో చాలా వాటి వెనక ఒక్కొక్క చచ్చిన తల్లి ఉంది. మన తూకపురాయి ప్రకారం ఇది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. పట్టుకోక తప్పదు గానీ, ఉన్న సొమ్మంతా ఆకులకే పోయకూడదు. ఇవ్వదలచిన దానిలో ఎక్కువ భాగం చేతులు కాలకుండా చూసే పనికి వెళ్లాలి. ఆ పనుల్లో బయటివారికి అంతగా తెలియనిది పీట్ నేలల్లో కాలువలు మూయడం.

పీట్ అంటే వేల ఏళ్లుగా నీటిలో మునిగి ఉండి, పూర్తిగా కుళ్లని ఆకులు, కొమ్మలు, వేళ్లు పేరుకుని ఏర్పడిన నల్లని మెత్తటి నేల. బోర్నియో దక్షిణ భాగంలో కొన్నిచోట్ల ఇది పది మీటర్లకు మించిన లోతు ఉంటుంది. తడిగా ఉన్నంతకాలం దానికి నిప్పంటుకోదు. దాని నడుమ కాలువ తవ్వితే నీరు జారిపోయి, పై పొర ఎండి, పిడకలా మండటానికి సిద్ధమవుతుంది. ఒకసారి అంటుకుంటే మంట నేల అడుగున పాకుతూ వారాల తరబడి పొగ కక్కుతుంది, వాన పడితే తప్ప ఆరదు. 1990ల నడుమ మధ్య కాలిమంతాన్‌లో దాదాపు పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి మళ్లుగా మార్చాలని ప్రభుత్వం వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. ఆ నేలలో వరి పండలేదు, పథకం మూలపడింది, కాలువలు మాత్రం మిగిలాయి. 1997లో ఎల్‌నినో కరువు రాగానే ఆ ప్రాంతం కాలిపోయింది. 2015లో ఇండోనేషియా అంతటా సుమారు 26 లక్షల హెక్టార్లు కాలితే, అందులో పీట్ నేలల వాటా చాలా పెద్దది.

మందు చాలా సాదాసీదాగా ఉంటుంది. కాలువకు అడ్డంగా రెండు వరుసల దుంగలను నేలలోకి దిగగొట్టి, వాటి నడుమ మట్టి బస్తాలు పేర్చి, కట్ట కడతారు. ఒకే పెద్ద కట్ట కడితే వానాకాలపు ఒరవడికి తెగిపోతుంది. కాబట్టి మెట్లు మెట్లుగా, కొద్ది కొద్ది ఎత్తు తేడాతో కాలువ పొడవునా అనేక కట్టలు వేస్తారు. నీరు వెనక్కు నిలిచి, పక్కల నేలలోకి ఇంకి, మళ్లీ పైకి వస్తుంది. పైపొరకు 40 సెంటీమీటర్ల కంటే కిందికి నీటి మట్టం దిగకూడదని ఇండోనేషియా ప్రభుత్వ నిబంధన కూడా ఉంది. అందుకే పీట్ అడవుల్లో పనిచేసే సంస్థకు విరాళం ఇచ్చేముందు అడగవలసిన ప్రశ్నలు ఇవీ: ఎన్ని కట్టలు కట్టారు, వాటిలో ఈ ఏడాదికి ఎన్ని తెగకుండా నిలిచాయి, ఎండాకాలంలో నీటి మట్టం కొలిచే గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, మరమ్మతు చేసేది ఆ ఊరివారా, బయటివారా? 2004లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన సెబాంగావులో వేల ఒరాంగుటాన్లు ఉన్నాయి. కలప దొంగలు దుంగలు తేల్చుకుపోవడానికి తవ్విన చిన్న కాలువలను అక్కడ ఇలాగే మూసుకుంటూ వచ్చారు. చేపలు పట్టేవారు, పడవల మీద తిరిగేవారు ఆ కాలువలను దారులుగా వాడుకుంటారు కనుక, ఊరివారితో మాట్లాడకుండా కట్టిన కట్ట రాత్రికి రాత్రే తవ్వేసే ప్రమాదం ఉంటుంది. ఆ మాటలకు పట్టే కాలం కూడా విరాళం ఖర్చులో భాగమే.

ఊరి మాట వచ్చింది కనుక పశ్చిమ కాలిమంతాన్‌లోని గునుంగ్ పాలుంగ్ ఉద్యానవనం అంచున జరిగిన పని గురించి చెప్పాలి. అక్కడి ఊళ్లవారిని అడవి ఎందుకు నరుకుతున్నారని అడిగితే, ఆస్పత్రి ఖర్చులకు సొమ్ము కోసమన్న జవాబు ముందుకొచ్చింది. ఆలమ్ సెహత్ లెస్తారి అనే సంస్థ 2007లో అక్కడ వైద్యశాల తెరిచి, నరికివేత తగ్గించిన ఊళ్లకు రుసుములో రాయితీ ఇచ్చింది. సొమ్ము లేనివారి నుంచి చెట్ల నారు, ఎరువు, చేతి అల్లికలు కూడా రుసుముగా తీసుకుంది. తరువాత రంపపు యంత్రాలను కొనేసి, బదులుగా చిన్న వ్యాపారానికి పెట్టుబడి ఇచ్చింది. పదేళ్ల లెక్కలు తీసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఇటువంటి ఏర్పాటు లేని ఇతర ఉద్యానవనాలతో పోలిస్తే అక్కడ అడవి నష్టం సుమారు 70 శాతం తగ్గినట్టు తేలింది. ఒరాంగుటాన్ బొమ్మ లేని ప్రకటన కనుక ఇటువంటి పనికి విరాళాలు కష్టంగా వస్తాయి. అందుకే మీది అక్కడికి వెళ్లాలంటాను.

మొక్కలు నాటించే పథకాల విషయంలో జాగ్రత్త అవసరం. నాటిన మొక్క ఒరాంగుటాన్ బరువు మోసే చెట్టు కావడానికి దశాబ్దాలు పడుతుంది. నాటే పనికి విలువ ఉన్నది రెండు అడవి తునకలను కలిపే చోట, నది ఒడ్డున, కాలిన పీట్ నేలలో. అక్కడ కూడా ఏ చెట్టన్నది ముఖ్యం. పీట్‌లో బెలాంగిరాన్, జెలుతుంగ్ వంటి స్థానిక చెట్లు, ఇతర చోట్ల మర్రి, మేడి కుదురుకు చెందిన అత్తి జాతులు నాటుతున్నామని సంస్థ చెప్పగలగాలి. నాటిన లెక్క కాకుండా, మూడేళ్ల తరువాత బతికున్న లెక్క అడగండి. ఆ ప్రశ్నకు తడబడే సంస్థకు విరాళం వాయిదా వేయడమే మేలు.

ఇంటి నుంచే అడవిని గమనించడం

గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ అనే ఉచిత పటంలో ఉపగ్రహాలు గుర్తించిన తాజా చెట్ల నష్టం చుక్కలుగా కనబడుతుంది. లూసర్‌నో బతాంగ్ తోరునో ఎంచుకొని, ఆ ప్రాంతం చుట్టూ గీత గీసి, హెచ్చరికలు ఈమెయిలుకు వచ్చేటట్టు పెట్టుకోవచ్చు. చుక్క కనబడగానే దొంగ దొరికాడనుకోవద్దు. ఆయిల్‌పామ్, అకేషియా తోటల్లో ముదిరిన చెట్లను కొట్టినా, గాలివానకు చెట్లు కూలినా అదే చుక్క పడుతుంది. కాబట్టి ముందుగా పాత చిత్రాలతో పోల్చి అక్కడ ఉన్నది సహజ అడవేనా అని చూడాలి, తరువాత ఆ స్థలం ఉద్యానవనంలో ఉందా, ఏదైనా కంపెనీకి ఇచ్చిన కౌలు భూమిలో ఉందా అన్నది పటంలోని ఇతర పొరలతో సరిచూడాలి, నష్టం వారం వారం ఏ దిక్కుకు పాకుతోందో గమనించాలి. బాట వెంట పొడుగ్గా పాకే చుక్కలు అన్నిటికంటే అనుమానించదగినవి. అక్షాంశ రేఖాంశాలు, తేదీలు, చిత్రాలు జతచేసి, ఆ ప్రాంతంలో క్షేత్రస్థాయిలో పనిచేసే సంస్థకు, తోట కంపెనీదైతే దాని నూనె కొనే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపాలి. రుజువు కాకముందే సామాజిక మాధ్యమాల్లో పేర్లు పెట్టి దుమ్మెత్తిపోస్తే, ఆ ఊళ్లో గస్తీ తిరిగేవారికే చిక్కులు వస్తాయి.

చూడబోయేవారు, వీడియోలు పంచేవారు

బట్టలు తొడిగిన, సీసాతో పాలు తాగే, మనిషి ఒళ్లో కూర్చున్న పిల్ల ఒరాంగుటాన్ వీడియోను ఎవరు పంపినా మెచ్చుకోకండి, మరొకరికి పంపకండి. చూసేవారి ముచ్చటే కొనేవారి గిరాకీ అవుతుంది. అది అమ్మకపు ప్రకటన అయితే చిత్రాన్ని భద్రపరచి, ఆ వేదికకు ఫిర్యాదు చేయండి; ఒరాంగుటాన్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారంపై దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధం నిషేధిస్తోంది.

అడవికి వెళ్లేవారు పది మీటర్ల దూరం పాటించాలి, మాస్కు పెట్టుకోవాలి, జలుబు ఉన్న రోజున వెళ్లకూడదు. ఒరాంగుటాన్ల జన్యువులు మన జన్యువులతో 97 శాతం పోలి ఉంటాయి కనుక మన దగ్గు వాటికి సులువుగా అంటుతుంది. ఫోటో బాగా రావాలని పండు చూపించి కిందికి పిలిచే గైడు ఎంత మర్యాదస్తుడైనా అతడితో వెళ్లవద్దు. చేతి నుంచి పండు తినడం నేర్చుకున్న ఒరాంగుటాన్ రేపు పొలంలో రైతు చేతి కత్తి దగ్గరికి కూడా అలాగే వస్తుంది.

తోటల్లో, అడవి అంచున పనిచేసేవారు

బోర్నియో ఒరాంగుటాన్లలో ఎక్కువ భాగం రక్షిత ప్రాంతాల బయటే, కలప కంపెనీల అడవుల్లో, తోటల మధ్య మిగిలిన తునకల్లో తిరుగుతాయి. తోట యాజమాన్యం తీసుకునే చిన్న నిర్ణయాలు అక్కడ ఉద్యానవనపు ప్రకటన కంటే ఎక్కువ పనిచేస్తాయి. వాగుల ఒడ్డున చెట్ల పట్టీని నరకకుండా వదలడం, తోట నడుమ మిగిలిన పెద్ద అత్తి చెట్లను ఉంచడం, లేత మొక్కలున్న మడుల వద్ద కాపలా పెట్టడం అటువంటివి. సబాలోని కినబతాంగన్ నది పొడవునా 1998 నుంచి పనిచేస్తున్న హుతాన్ సంస్థ, చెట్ల కొమ్మలు కలవక తెగిపోయిన ఉపనదుల మీదుగా అగ్నిమాపక శాఖ పాత గొట్టాలను, తాళ్లను పేని వంతెనలు కట్టింది. ఈత రాని ఒరాంగుటాన్‌కు చిన్న వాగు కూడా గోడే. అవి ఆ వంతెన మీద నమ్మకం పెట్టుకోవడానికి ఏళ్లు పట్టిందిగానీ, చివరికి దాటుతూ కెమెరాలకు చిక్కాయి.

తోటలో ఒరాంగుటాన్ కనబడితే కుక్కలను వదలకూడదు, టపాసులు పేల్చి తరమకూడదు, చుట్టుముట్టి చెట్టెక్కించకూడదు. అడవి వైపు దారి తెరిచి ఉంచి దూరం జరిగితే చాలాసార్లు అదే వెళ్లిపోతుంది. గాయపడినా, పిల్లతో చిక్కుకుపోయినా ఇండోనేషియాలో బీకేఎస్‌డీఏ అనే ప్రకృతి వనరుల పరిరక్షణ కార్యాలయానికి, సబాలో వన్యప్రాణి శాఖకు కబురు పెట్టాలి. మత్తు సూది వేసి పట్టి మరో అడవికి తరలించడం చివరి మార్గంగానే ఉండాలి. పరిచయం లేని అడవిలో ఏ పండు ఎప్పుడు పండుతుందో దానికి తెలియదు, అక్కడ ముందే ఉన్నవాటితో పోరాటం తప్పదు. చంపినా, పట్టి ఉంచుకున్నా ఇండోనేషియాలో 1990 నాటి 5వ నంబరు చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, 10 కోట్ల రుపియా దాకా జరిమానా ఉండేవి. 2024లో ఆ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు.

ఫలితం తెలుసుకోవడం

మీరు సాయం చేసిన సంస్థ ఏడాది చివర నివేదిక పంపినప్పుడు, అందులో మొక్కల లెక్క, శిబిరాల లెక్క, పంచిన కరపత్రాల లెక్క దాటి గూళ్ల లెక్క ఉందేమో వెతకండి. ఒరాంగుటాన్‌ను నేరుగా చూసి లెక్కించడం దాదాపు అసాధ్యం. నిశ్శబ్దంగా, ఒంటరిగా, ఆకుల మాటున తిరిగే జీవి అది. అందుకే సర్వే చేసేవారు అడవిలో తిన్నని గీత వెంట నడుస్తూ, తలెత్తి, రెండు పక్కలా కనిపించే ప్రతి గూటినీ, గీత నుంచి దాని దూరాన్నీ రాసుకుంటారు. ఆకులు పచ్చగా ఉన్నది నిన్న మొన్నటి గూడు. ఆకులు గోధుమరంగుకు తిరిగినది కొన్ని వారాలది. పుల్లల సందుల్లో నుంచి ఆకాశం కనబడేది నెలల నాటిది. ఒక ఒరాంగుటాన్ రోజుకు సగటున ఎన్ని గూళ్లు కడుతుందో, ఒక గూడు ఆ అడవిలో ఎన్నాళ్లకు రాలిపోతుందో తెలుసుకొని, ఆ లెక్కతో గూళ్ల సంఖ్యను ఒరాంగుటాన్ల సంఖ్యగా మారుస్తారు. ఒకే గీత వెంట కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు నడిచిన నివేదికను అడగండి. రెండోసారి రాసిన పుస్తకంలో పచ్చని గూళ్లు, వాటి పక్కన తల్లి వెంట ఉన్న పిల్ల కట్టబోయిన చిన్న గూళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి.